ప్రొమీథియస్ పేరుకు మూలం ప్రమంథమా, ముందుచూపా?

శబ్దశోధి:

మా బాబాయి గారు మొన్న కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టారు. మనుషుల కోసం దేవతల దగ్గర నిప్పు దొంగిలించిన గ్రీకు పురాణ పురుషుడు ప్రొమీథియస్ పేరు అసలు సంస్కృతంలోని "ప్రమంథ" శబ్దమేననీ, అరణి మథనంలో నిప్పు పుట్టించే కర్ర పేరును గ్రీకులు మన యజ్ఞశాలల నుంచి తీసుకుని ఒక దేవుడికి పెట్టుకున్నారనీ ఆ సందేశం సారాంశం. నేను కాలేజీలో చదువుకున్న పుస్తకంలో మాత్రం ఆ పేరుకు "ముందుచూపు గలవాడు" అని అర్థం రాసి ఉంది. బాబాయి గారికి ఏదో ఒకటి జవాబు రాయాలి గనుక, ఈ రెండింటిలో దేనికి ఆధారం ఉందో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను. మనం గొప్పా, వాళ్లు గొప్పా అన్న దారి మాత్రం పట్టించవద్దని మనవి. ఆ దారిలో పోయిన చర్చలు ఈ వేదికలో చిలికి చిలికి గాలివాన కావడం అందరం చూశాం.

గౌతమీతీరం:

మీ బాబాయి గారు పంపినది వాట్సాప్‌లో పుట్టిన మాట కాదు. దాని వయస్సు నూట అరవై ఏళ్లు పైమాటే. తులనాత్మక భాషాశాస్త్రానికి 1852లో ఒక పత్రికను ప్రారంభించిన జర్మన్ పండితుడు అడాల్బర్ట్ కూన్, అగ్ని భూమికి దిగివచ్చిన గాథల మీద 1859లో ఒక గ్రంథం ప్రచురించి, అందులో ప్రొమీథియస్‌ను ప్రమంథంతో ముడిపెట్టాడు. గ్రీకులు ఎత్తుకుపోయారన్నది తర్వాత చేరిన మసాలా. ఆయన చెప్పినది గ్రీకులకూ వైదికులకూ ఉమ్మడి పూర్వీకులు ఉండేవారనీ, నిప్పు పుట్టించే పనిముట్టు పేరే కాలక్రమేణా నిప్పు తెచ్చిన దేవుడి పేరు అయిందనీ.

గోదావరి ఒడ్డున ఒక సోమయాగంలో అరణి మథనాన్ని దగ్గర నుంచి చూసిన తర్వాత నాకు కూన్ మాట కొట్టిపారేయదగినదిగా అనిపించలేదు. కింద అధరారణి, అంటే చిన్న గుంట తొలిచిన చెక్క ఉంటుంది. జమ్మి చెట్టు మీద మొలిచిన రావి నుంచి తీసిన కొయ్య శ్రేష్ఠమంటారు. ఉత్తరారణి నుంచి చెక్కిన ముక్కను నిలువు కర్ర అడుగున బిగిస్తారు, దాని పేరే ప్రమంథం. ఒకరు పైనుంచి అదిమి పట్టుకుంటే, ఇంకొకరు కర్రకు చుట్టిన తాడును కవ్వం తాడు లాగినట్లే అటూ ఇటూ లాగుతారు. ఆ తాడును నేత్రం అంటారు. మొదట కాలిన వాసన వచ్చింది, తర్వాత గుంట అంచున కాఫీపొడి వంటి నల్లటి పొడి పోగుపడింది, ఆ పొడిలోంచి సన్నటి పొగ లేచింది. ఎర్రటి చుక్క కనబడగానే దానిని కొబ్బరి పీచులోకి ఒంపి ఊదారు. అరణులలో అగ్ని గర్భంలో శిశువులా దాగి ఉన్నాడని ఋగ్వేదం మూడవ మండలం ఇరవై తొమ్మిదవ సూక్తం ఎందుకు అన్నదో అప్పుడు అర్థమయింది. కర్రకు దైవత్వం ఆపాదించడం అక్కడ కూర్చున్నవారికి వింతగా తోచదు.

గ్రీకుల వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం ఉంది. క్రీ.పూ. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు డియోడోరస్, ప్రొమీథియస్ నిప్పు దొంగిలించాడని పురాణాలు చెబుతున్నా, నిజానికి అతడు నిప్పు రగిల్చే కర్రలను కనిపెట్టినవాడు అని స్పష్టంగా రాశాడు.

వ్యాకరణప్రియ:

గౌతమీతీరం గారి వర్ణన బాగుంది, కాని ఆ వర్ణనలోని బలం వాదానికి అంటదు. మూడు చిక్కులున్నాయి.

ప్రమంథ అనే పదం ఋగ్వేదంలో లేదు. మీరు ఉదహరించిన సూక్తంలోనే మథనం ఉంది, అరణులు ఉన్నాయి, అధిమంథనం ఉంది, ప్రమంథం మాత్రం లేదు. అది కాత్యాయనుని పేర కనబడే కర్మప్రదీపం వంటి తరువాతి కాలపు కర్మకాండ గ్రంథాలలో పనిముట్టు భాగానికి సాంకేతిక నామంగా కనిపిస్తుంది. గ్రీకు కవి హీసియడ్ క్రీ.పూ. 700 ప్రాంతంలోనే ప్రొమీథియస్ కథను వివరంగా చెప్పాడు. రెండు జాతులూ విడిపోక ముందే ఉన్న పేరు అనడానికి, ఒక శాఖలో ఆలస్యంగా, అదీ ఒక చెక్కముక్కకు మాత్రమే కనబడే పదం సరిపోదు.

డియోడోరస్ సాక్ష్యానికి వస్తే, ఆయన పురాణాలకు లౌకికమైన వివరణలు ఇచ్చే ధోరణి గలవాడు. దేవుడు దొంగిలించాడంటే నమ్మడం ఇష్టం లేక, ఎవరో తెలివైనవాడు కనిపెట్టి ఉంటాడని సర్దిచెప్పాడు. ఆయనకంటే కొన్ని వందల ఏళ్ల ముందరి హెర్మిస్ అనే గ్రీకు దేవుడి స్తోత్రం, నిప్పు రాజేసే కర్రలను మొట్టమొదట ఇచ్చినవాడు హెర్మిస్ అని చెబుతుంది. కర్రలే ఆ పేరుకు మూలమైతే, గ్రీకులు ఆ గౌరవాన్ని ఇంకొకరికి కట్టబెట్టడం విడ్డూరం కాదా?

ఇక కథ సంగతి. హీసియడ్ చెప్పినదాని ప్రకారం ప్రొమీథియస్ నిప్పును చిలికి పుట్టించలేదు, బోలుగా ఉండే నార్థెక్స్ కాడలో దాచి తెచ్చాడు. అది మధ్యధరా తీరాన పెరిగే సోంపు జాతి పెద్ద మొక్క. ఎండిన కాడ లోపలి బెండు మంట లేకుండా నెమ్మదిగా రాజుకుంటూ ఉంటుంది, పైబెరడు చెక్కు చెదరదు. అక్కడి పల్లె జనం నిప్పును ఒకచోటి నుంచి మరొకచోటికి తీసుకుపోవడానికి దానిని నిజంగానే వాడేవారు. ఏథెన్స్‌లో అతని పేర జరిగే దివిటీల పరుగు కూడా అటువంటిదే. అకాడమీలోని ప్రొమీథియస్ బలిపీఠం నుంచి నగరం దాకా వెలుగుతున్న దివిటీతో పరుగెత్తాలి, ముందున్నవాడి దివిటీ ఆరిపోతే గెలుపు వెనుకవాడికి పోతుంది, అందరివీ ఆరితే ఎవరూ గెలవనట్టే అని గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ఈ ఆచారంలోనూ, కథలోనూ ఉన్నది నిప్పును మోసుకురావడమే తప్ప మథనం కాదు.

పాతబడి మాస్టారు:

నాకు సంస్కృతం కొద్దిగా వచ్చు, గ్రీకు అనువాదాలలో మాత్రమే తెలుసు. అయినా "ముందుచూపు" అన్న అర్థానికి గ్రీకు కవులే సాక్షులని మరచిపోవద్దు. హీసియడ్ కథలో ప్రొమీథియస్‌కు ఎపిమీథియస్ అనే తమ్ముడు ఉన్నాడు. దేవతల రాజు జ్యూస్ నుంచి ఏ కానుకా పుచ్చుకోవద్దని అన్న హెచ్చరించినా, జ్యూస్ పంపిన పాండోరా అనే స్త్రీని తీసుకున్నాడు. ఆ కీడు చేతికి వచ్చిన తర్వాత గాని అతనికి బోధపడలేదని కవి అంటాడు. "ప్రొ" అంటే ముందు, "ఎపి" అంటే తర్వాత. అన్న ముందే ఆలోచించేవాడు, తమ్ముడు చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడు. ఇంత చక్కగా జోడు కుదిరిన పేర్లలో ఒకదానిని విడదీసి కర్రముక్క అనడం నా మనసుకు ఎక్కదు.

"బంధింపబడిన ప్రొమీథియస్" నాటకం మొదట్లో, అతణ్ణి బండకు మేకులు కొట్టిస్తూ బలదేవత ఎత్తిపొడిచే మాట కూడా గుర్తు చేసుకోవాలి. దేవతలు నిన్ను ప్రొమీథియస్ అని తప్పుడు పేరుతో పిలుస్తున్నారు, ఈ సంకెళ్ల నుంచి బయటపడే ఉపాయం చెప్పడానికి నీకే ఇప్పుడొక ప్రొమీథియస్ కావాలి అంటాడు. ఆ నాటకం గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రాశాడా లేదా అన్నది వేరే తగాదా. ఎవరు రాసినా, ప్రేక్షకులకు ఆ పేరులో "ముందుచూపు" వెంటనే వినబడకపోతే ఆ ఎత్తిపొడుపు పేలదు.

ఋక్కు:

మాస్టారూ, మీరు చూపినది ఆ పేరును గ్రీకులు ఎలా అర్థం చేసుకున్నారన్న దానికి తిరుగులేని రుజువు. ఆ పేరు ఎలా పుట్టింది అన్నదానికి మాత్రం కాదు. మన భాష పేరునే చూడండి. కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం అనే మూడు లింగాల నడుమ దేశం కనుక త్రిలింగ, త్రిలింగ నుంచి తెలుగు అని శతాబ్దాలుగా చెప్పుకుంటున్నాం. ప్రతాపరుద్రుని కాలపు విద్యానాథుడు కూడా ఆ మూడు క్షేత్రాలతోనే దేశాన్ని వర్ణించాడు. అయినా తెలుగు, తెనుగు అన్న దేశి పేరే ముందు ఉండి, దానికి సంస్కృతపు సొగసు తర్వాత అద్దారని వాదించే భాషావేత్తలు చాలామందే ఉన్నారు. ఎపిమీథియస్ కూడా అటువంటి అద్దకమే కావచ్చు. అన్న పేరులో "ముందు ఆలోచన" వినబడడం మొదలైన తర్వాత, దానికి ఎదురుగా తమ్ముడి పేరును కల్పించి ఉండవచ్చు. జోడు ఎంత చక్కగా కుదిరితే అంతగా అనుమానించాలి అని నేను అంటాను.

ఇక ప్రమంథాన్ని పక్కన పెట్టి, అసలు ధాతువును చూద్దాం. సంస్కృతంలో "మథ్" అనగానే మనకు పెరుగు చిలకడమే తోస్తుంది. కాని జర్మన్ పండితురాలు యోహానా నార్టెన్ 1960లో ఒక వ్యాసంలో, వేదంలో రూపంలో కలిసిపోయిన రెండు క్రియలు ఉన్నాయని చూపింది. ఒకటి తిప్పడం, చిలకడం. రెండవది లాక్కోవడం, అపహరించడం. ఋగ్వేదం 1.93.6 చూడండి: "ఆన్యం దివో మాతరిశ్వా జభార, అమథ్నాదన్యం పరి శ్యేనో అద్రేః". ఇద్దరిలో ఒకరిని, అంటే అగ్నిని, మాతరిశ్వుడు అనే వైదిక దివ్యపురుషుడు ఆకాశం నుంచి తెచ్చాడు. రెండవవారిని, అంటే సోమాన్ని, డేగ కొండ మీది నుంచి "అమథ్నాత్". డేగ కొండ మీద కూర్చుని సోమాన్ని కవ్వంతో చిలికిందా? తన్నుకుపోయింది. 1.71.4లో ఇదే క్రియ మాతరిశ్వుడు అగ్నిని తెచ్చిన సందర్భంలోనే "మథీత్" అని వస్తుంది. అక్కడ కూడా అపహరణే పొసగుతుంది.

ఈ అర్థం మనకు కొత్తదేమీ కాదు. గీత రెండవ అధ్యాయంలో "ఇంద్రియాణి ప్రమాథీని హరంతి ప్రసభం మనః" అన్నప్పుడు ప్రమాథి పక్కనే హరించడం ఉంది. 1999 ఉగాదికి మన పంచాంగాలలో వచ్చిన ప్రమాథి నామ సంవత్సరం పేరు కూడా ఈ కుదురులోదే. ఆ ఏడాదంతా ఆ పేరును పలికినవాళ్లం, దాని చుట్టరికం గ్రీసు దాకా పోతుందేమోనని అనుకోలేదు. నా ప్రతిపాదన ఇంతే: ప్రొమీథియస్ అంటే "ప్ర" పూర్వకంగా "మథ్" చేసినవాడు, ముందుకు లాక్కుపోయినవాడు, దొంగ. వ్యాకరణప్రియ గారు చెప్పిన నార్థెక్స్ కాడ, దివిటీల పరుగు, అన్నీ దీనికి సరిపోతాయి. ఇటీవలి ఇండో-యూరోపియన్ భాషావేత్తలలో కొందరు ఈ వైపే మొగ్గారు.

గౌతమీతీరం:

ఋక్కు గారి వాదం నా దానికంటే గట్టిదని ఒప్పుకుంటున్నాను. పైగా మాతరిశ్వుడు తెచ్చిన అగ్నిని భృగువులనే ఋషి వంశం వారికి ఇచ్చాడు, అంటే అది మనుషులకు చేరింది. అయినా చిలికే అర్థాన్ని పూర్తిగా వదలడానికి నాకు ఒక అడ్డు ఉంది. హెలెనిస్టిక్ కాలపు, అంటే అలెగ్జాండర్ తర్వాతి కాలపు, గ్రీకు కవి లైకోఫ్రాన్ కావ్యంలో జ్యూస్‌కు "ప్రొమంథేవ్స్" అన్న పేరు కనిపిస్తుంది. అది ఇటలీ దక్షిణాన ఉన్న థూరీ నగరవాసులు వాడే పేరని వ్యాఖ్యాతలు చెప్పారు. అందులో నకారం స్పష్టంగా ఉంది. కూన్ దీనినే పట్టుకున్నాడు.

వ్యాకరణప్రియ:

లైకోఫ్రాన్ పని గట్టుకుని ఎవరికీ అర్థంకాని పేర్లు ఏరి రాసే కవి. ఆయన ఇచ్చింది జ్యూస్ పేరు, ప్రొమీథియస్ పేరు కాదు. ఆ నకారం కూడా గ్రీకులో నేర్చుకోవడం అనే అర్థం గల "మంథనో" అనే క్రియలో ఉన్నదే. మనవాళ్లను అన్నింటికంటే ఎక్కువ మోసం చేసేది ఈ క్రియే. తెలుగులో రాస్తే అచ్చం మంథనంలా కనబడుతుంది, మరి నేర్చుకోవడానికీ చిలకడానికీ ఏమి సంబంధం? కూన్ ఆ రెండింటినీ కూడా ఒకే ధాతువు కిందికి తేవడానికి శ్రమపడ్డాడు.

ధ్వనుల లెక్క చూస్తే ఆ శ్రమ ఎందుకు ఫలించలేదో తెలుస్తుంది. సంస్కృతంలోని "ధ"కు గ్రీకులో థీటా అనే అక్షరం వస్తుంది: మధు, మెథు. సంస్కృతంలోని "థ"కు గ్రీకులో మామూలుగా "త" వస్తుంది: పృథు, ప్లతూస్. పంథా అన్న పదానికి చుట్టమైన పతోస్ కూడా అంతే. ప్రొమీథియస్‌లో ఉన్నది థీటా. కాబట్టి దానికి సంస్కృతంలో "ధ" ఉన్న ధాతువును వెతకాలి, "థ" ఉన్న మథ్‌ను కాదు. మథ్‌కు సరిపోలే గ్రీకు రూపం ఉండి ఉంటే అది "మత్" అన్నట్లు ఉండాలి. చెవికి ఒకేలా వినబడే థకారాలు రెండు భాషలలో వేర్వేరు పుట్టుకలు గలవి. ఈ చిక్కు చిలికే మథ్‌కు ఎంతో, ఋక్కు గారి లాక్కునే మథ్‌కూ అంతే. కూన్ రాసిన రోజులలో ఈ లెక్కలు ఇంకా గట్టిపడలేదు, 1870ల తర్వాతనే ధ్వని నియమాలకు మినహాయింపులు ఇష్టానుసారం కుదరవన్న పట్టుదల వచ్చింది.

ఋక్కు:

ఈ అభ్యంతరం నిజమైనదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాని మీ వైపు కూడా ఒక బొక్క ఉంది. పిండార్ వంటి, డోరిక్ అనే గ్రీకు మాండలికపు ఛాయ గల కవుల రచనలలో ఈ పేరు "ప్రొమాథేవ్స్" అని దీర్ఘమైన ఆకారంతో వస్తుంది. అంటే ఏథెన్స్ వారు పలికిన ఏకారం పూర్వం ఆకారం. "మంథనో" క్రియలో ఉన్నది హ్రస్వమైన అకారం. ఆ హ్రస్వం ఇక్కడ దీర్ఘం ఎలా అయింది? నా వైపు ప్రమాథిలో ఆ దీర్ఘం సహజంగానే ఉంది.

వ్యాకరణప్రియ:

బొక్క ఉంది, దాచను. అయితే ఆ దీర్ఘమే ఇంకొక తప్పు దారిని మూసేస్తుందని కూడా గమనించండి. యుక్తి అనే అర్థం గల "మేతిస్" నుంచి ఈ పేరు వచ్చిందని చాలా పుస్తకాలలో రాస్తుంటారు. మేతిస్‌లోని ఏకారం డోరిక్‌లో కూడా ఏకారమే, ఆకారం కాదు. కనుక అది కుదరదు. ఇక దీర్ఘం ఉన్నది ఈ పేరులో మాత్రమే కాదు. ముందు జాగ్రత్త గలవాడు అనే అర్థంలో "ప్రొమేథేస్" అనే విశేషణం, ముందుచూపు అనే అర్థంలో "ప్రొమేథియా" అనే నామం గ్రీకులో మామూలు మాటలుగా ఉన్నాయి. హెరోడోటస్ వంటి గద్య రచయితలు కూడా వాటిని పురాణంతో పని లేకుండా వాడారు. దొంగతనం అనే అర్థంలో ఆ కుటుంబపు మాట ఒక్కటి కూడా గ్రీకులో మిగలలేదు. ఒక పేరు పక్కనే, అదే రూపంలో, బతికి ఉన్న మాట ఒకటి కనబడుతుంటే, దానిని దాటిపోయి సప్తసింధు దాకా వెళ్లడానికి చాలా గట్టి కారణం కావాలి.

ఒక సంగతి చెబితే గౌతమీతీరం గారికి కాస్త ఊరటగా ఉంటుంది. ఆ "మంథనో" క్రియను పలువురు భాషావేత్తలు మనస్సును పెట్టడం అనే పాత పదబంధంతో కలుపుతారు. దాని నుంచే సంస్కృతంలో "మేధ", పారశీకుల దేవుడి పేరులోని "మజ్దా" వచ్చాయి. అదే నిజమైతే ప్రొమీథియస్‌కు సంస్కృతంలో చుట్టం ఉంది, కాని ఆ చుట్టం యజ్ఞశాలలోని కర్ర కాదు, మన ఇళ్లలో పిల్లలకు పెట్టుకునే మేధ అన్న పేరు.

పాతబడి మాస్టారు:

ఋక్కు గారి త్రిలింగ ఉదాహరణ గురించి రెండు రోజులు ఆలోచించాను. నన్ను ఇబ్బంది పెట్టిన మాట అది. మాతరిశ్వుడి కథకూ ప్రొమీథియస్ కథకూ పోలిక ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను. కాని నిప్పును పైనుంచి దొంగిలించి తెచ్చిన కథ లోకంలో ఎన్నో జాతులలో ఉంది, పోలిక ఉన్న ప్రతిచోటా పేరు కూడా కలవాలన్న నియమం లేదు. తేడాను కూడా చూడండి. మాతరిశ్వుడి మీద ఏ దేవుడూ కోపగించలేదు. ప్రొమీథియస్ కథలో నిప్పు కంటే ముందు మెకోనే అనే చోట బలిపశువును పంచిన మోసం ఉంది. ఎముకలను మెరిసే కొవ్వులో చుట్టి జ్యూస్ ముందు పెట్టి, మంచి మాంసాన్ని ఎద్దు కడుపుతోలులో దాచి మనుషుల వంతుకు ఉంచాడు. జ్యూస్ కోపంతో నిప్పును దాచేసింది అందుకే, అతడు దొంగిలించింది ఆ దాచిన నిప్పునే. హీసియడ్ కథలో అతడు మొదట ఎత్తులు వేసేవాడు, తర్వాతే దొంగ. పేరు కథలోంచి వచ్చిందనుకుంటే, ఎత్తులు వేసే బుద్ధి నుంచే వచ్చిందనడం నాకు సబబుగా తోస్తుంది.

ఋక్కు:

మెకోనే సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, అది మీ వైపు బరువే. థకారం చిక్కు విడిపోయేదాకా నా "దొంగ" అర్థాన్ని సంభావ్యత అనే అంటాను, నిర్ణయం అనను. ప్రమంథం మాత్రం పోయినట్లే.

శబ్దశోధి:

అందరికీ కృతజ్ఞతలు. బాబాయి గారికి ఇలా రాశాను: "ప్రమంథం అన్నది 1859 నాటి ఊహ, ఆ పదం వేదంలో లేదు, ధ్వనులు కుదరవు. దొంగ అన్న అర్థానికి వేదంలో మంచి పోలిక ఉంది గాని థకారం దగ్గర ఆగిపోయింది. గ్రీకులు మాత్రం ముందుచూపు గలవాడనే విన్నారు. ఆ మాటకు మన మేధతో దూరపు చుట్టరికం ఉండవచ్చు." ఐదు నిమిషాలలో జవాబు వచ్చింది: "అదే కదా నేను మొదటి నుంచీ చెబుతున్నది, మేధ మనదే." దానికింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

వ్యాకరణప్రియ:

"ఉండవచ్చు" అన్న మాట బాబాయి గారి ఫోనులో కనబడనట్లుంది.